నూల్‌కోల్ - సీమకూర, తెలుగు పోపు

చరిత్ర యనగానే మనకు రాజులు, రాజ్యములు, యుద్ధములు, శాసనములు జ్ఞప్తికి వచ్చును. కాని మానవుడు ప్రతిదినము రెండుపూటల ముందు వేసికొని కూర్చుండు విస్తరికిని ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రను వ్రాసినవారు తక్కువ. దానిని నడిపినవారు మన తల్లులు, అవ్వలు. వారు గ్రంథములు వ్రాయలేదు, వంట చేసిరి. ఉద్యోగధర్మమున దేశము నలుమూలలకు పోయి స్థిరపడిన తెలుగు కుటుంబముల చరిత్ర వ్రాయబూనువారు కచేరీ దస్త్రములతోపాటు వంటయిండ్లను గూడ పరిశీలింపవలెనని నా యభిప్రాయము. అందులకు నిదర్శనముగా ఒక చిన్న కూరగాయను దీసికొనుచున్నాను. దాని పేరు నూల్‌కోల్. స్థలము భిలాయి ఉక్కునగరము.

చూచుటకు నూల్‌కోల్ లేత ఆకుపచ్చని బంతివలె నుండును. ఊదారంగు తోలు గల రకము కూడ కలదు. పలువురు దీనిని దుంపయని తలచుట కద్దు. కాని యిది నేలలోపల ఊరు దుంప కాదు. నేలకు పైన ఉబ్బిన కాండము. అందుచేతనే దాని ఒంటిమీద ఆకుతొడిమలు లేచిన మచ్చలు కనిపించును. వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో క్యాబేజీ, కాలీఫ్లవరు, నూల్‌కోల్ మూడును ఒక్క జాతియే. ఐరోపా సముద్రతీరములయందు పెరుగు అడవిమొక్కయొకటి వీనికి మూలము. అచ్చటి రైతులు తరతరములుగా తమకు నచ్చిన మొక్కల విత్తనములను ఏరి దాచుచు వచ్చిరి. ఆకులు దగ్గరగా ముడుచుకొన్నవానిని ఏరినచోట క్యాబేజీ యైనది. పూమొగ్గలు దట్టముగా గుంపుగట్టినవానిని ఏరినచోట కాలీఫ్లవరైనది. కాండము లావెక్కినవానిని ఏరినచోట నూల్‌కోలైనది. 1554లో మత్తియోలి యను ఇటలీ వైద్యుడు దీనిని వర్ణించి, ఇది ఇటలీనుండి జర్మనీకి క్రొత్తగా వచ్చినదని వ్రాసెను. 1753లో లిన్నేయసు పండితుడు దీనికి గుండ్రనిదను అర్థము వచ్చు గ్రీకు మాటతో ‘గాంగిలోడెస్’ అని నామకరణము చేసెను.

ఇక లోకములోని పేర్ల సంగతి. జర్మనులు దీనిని ‘కోల్‌రాబి’ అందురు. ‘కోల్’ అనగా క్యాబేజీ, ‘రాబి’ అనగా టర్నిప్ దుంప. ఇంగ్లీషువారును రష్యనులును ఆ పేరునే గ్రహించిరి. డచ్చివారి భాషలో ‘క్నోల్’ అనగా దుంప, ‘కోల్’ అనగా క్యాబేజీ. మన దేశమున వ్యాపించినది ఈ డచ్చి పేరే. యూలు, బర్నెలు అను ఇరువురు పండితులు కూర్చగా 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ‘నోల్‌కోల్’ అను మాట యెక్కినది. అది డచ్చి పదముగా తోచుచున్నదని అందు వ్రాయబడినది. తెలుగు నాలుకకు ‘క్న’ యను సంయుక్తాక్షరముతో మాట నెత్తుకొనుట అలవాటు లేదు. కావున ముందరి కకారము జారిపోయి ‘నూల్‌కోల్’ మిగిలినది. కన్నడిగులు దీనిని ‘నవిలుకోసు’ అందురు. నవిలు అనగా నెమలి. పరభాషాపదము చెవికి పరిచితమైన మాటగా మారుటకు ఇది చక్కని ఉదాహరణముగా తోచుచున్నది. హిందీవారు పేరుతో పనిలేక రూపమును జూచి ‘గాంఠ్‌గోభీ’, అనగా ముడి క్యాబేజీ, అనిరి. కాశ్మీరమున ఇది ‘మోంజ్’. అచ్చట దీనిని ఆకులతో సహా వండుకొందురు.

డచ్చివారు 1605లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. పాలకొల్లు, భీమునిపట్టణములయందును వారి స్థావరములుండెను. కాని పేరు వేరు, విత్తనము వేరు. ఐరోపా కూరగాయల విత్తనములను ఈ దేశమున క్రమముగా తెప్పించి, తోటలలో పరీక్షించి, తోటమాలులకు అలవాటు చేసిన సంస్థలు పందొమ్మిదవ శతాబ్దమున బయలుదేరినవి. వానిలో ముఖ్యమైనది 1820లో కలకత్తాయందు విలియం కేరీ స్థాపించిన వ్యవసాయోద్యానవన సమాజము. ఈ కేరీ మనకు పరాయివాడు కాడు. 1814లో శ్రీరామపురమునుండి తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణము ప్రకటించినవాడును ఇతడే. ఒకే మనుష్యుడు తెలుగు విభక్తులను, సీమ విత్తనములను సమానమైన శ్రద్ధతో పరిశీలించెననుట ముచ్చటైన విషయము. 1835లో చెన్నపట్టణమునను ఇట్టి సమాజమే యేర్పడెను.

క్రొత్తగా వచ్చినవానిని కలుపుకొనుటయందు తెలుగువారి వంటయిల్లు మొదటినుండియు ఉదారమైనది. మిరపకాయ లేని తెలుగు భోజనమును నేడు మనమూహింపజాలము. కాని అది అమెరికా ఖండమునుండి పోర్చుగీసుల ఓడలలో వచ్చినది. దానికి ముందు మన కారము మిరియముదే. మిరియమును బట్టియే మిరపకు పేరు పెట్టుకొంటిమి. బంగాళమునుండి వచ్చినది బంగాళాదుంప యైనది. బెంగుళూరు వైపునుండి వచ్చినది బెంగుళూరు వంకాయ యైనది. టమాటాను మన పెద్దలు ‘రామములగ’ యనిరి. నూల్‌కోలునకు మాత్రము ఇట్టి గౌరవము లభింపలేదు. ఇది చలిని కోరు పంట. కోస్తా గ్రామములయందు చలి కొద్దిదినములే. కావున ఇది పట్టణపు అంగళ్ళలో కనిపించు సీమకూరగనే మిగిలినది. హైదరాబాదులో మాత్రము దీనిని మాంసముతో కలిపి వండుట ప్రసిద్ధము. ఆచారపరాయణుల యిండ్లలో తద్దినపు వంటకు సీమకూరలు పనికిరావు గనుక ఆ గడపయు దీనికి దొరకలేదు. ఊరిలో చోటు దొరకని ఈ కూర తెలుగువారికి దగ్గర యగుటకు వారును ఊరు విడువవలసివచ్చెను.

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య జరిగిన ఒడంబడిక ననుసరించి, నాటి మధ్యప్రదేశపు దుర్గు జిల్లాలో భిలాయి యను పల్లెయొద్ద ఉక్కు కర్మాగార నిర్మాణము మొదలయ్యెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు అచ్చటి తొలి కొలిమిని ప్రారంభించిరి. దాని మొదటి సామర్థ్యము ఏటికి 10 లక్షల టన్నుల ఉక్కు. అదివరకే, 1931లో, విజయనగరమునుండి పార్వతీపురము మీదుగా రాయపూరునకు రైలుమార్గము పూర్తియై యుండెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పెక్కుమంది తెలుగువారు ఈ దారినే భిలాయి చేరిరి. కొలిమి దగ్గర కూలీలుగా, యంత్రశాలలలో పనివారలుగా, లెక్కల కచేరీలలో గుమాస్తాలుగా, ఇంజనీర్లుగా వారు కుదురుకొనిరి. మన దేశమున రైళ్ళు నడచు పట్టాలలో అధికభాగము భిలాయి మిల్లునుండి వచ్చినవే. తమ్ము కొనివచ్చిన దారికి తామే పట్టాలు చేసి యిచ్చిన భాగ్యము ఆ శ్రామికులది. 2000 నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమైనది. 2024లో దుర్గునుండి విశాఖపట్టణమునకు ‘వందే భారత్’ బండి వచ్చినది. రాకపోకలు సులభమైనవి; కాని అచ్చట పుట్టిన పిల్లలకు ఊరు మాత్రము భిలాయియే.

సెక్టరు క్వార్టరులో కాపురము పెట్టిన తెలుగు గృహిణికి మొదటి సమస్య అంగడి. బియ్యమునకు కొదవలేదు, ఛత్తీస్‌గఢ్ వరిసీమ. అచ్చటివారు రాత్రి యన్నమును నీట వేసి ఉదయము తిను ‘బోరే బాసీ’ మన చద్దియన్నమునకు అక్కచెల్లెలే. గోంగూర యని యడిగిన అంగడివానికి తెలియదు. ‘అమారీ భాజీ’ యనిన తక్షణము కట్ట చేతికిచ్చును. ఇట్లు కొన్ని పాత చుట్టములు క్రొత్త పేర్లతో కనిపించినవి. చలికాలము రాగానే నిజముగా క్రొత్తదియే యొకటి బుట్టలలో ప్రత్యక్షమయ్యెను. అదియే గాంఠ్‌గోభీ. నాటిన తరువాత సుమారు రెండు నెలలకే కోతకు వచ్చును గనుక క్వార్టరు వెనుకటి చిన్న మడిలో కూడ దీనిని పెంచుకొనవచ్చును.

ఆ క్రొత్తదానిని మన గృహిణులు ఎట్లు వశపరచుకొనిరో చెప్పుటయే ఈ వ్యాసములో ముఖ్యభాగము. మొదటి పాఠము ఎన్నిక. గుప్పిటిలో నిమిడి, గోరు దిగునంత లేతగా నున్నదానినే కొనవలెను. ముదిరినచో అడుగుభాగమునుండి పీచు పట్టి, ఎంత యుడికించినను కట్టెవలె నుండును. పైతోలును, దాని క్రింద నున్న నారపొరను గూడ తీసివేయవలెను. రెండవ పాఠము ఉడుకు. అతిగా నుడికినచో క్యాబేజీ జాతికి సహజమైన గంధకపు వాసన బయలుదేరును. తగుమాత్రము ఉడికినచో లేతకొబ్బరివంటి తీపి నిలుచును. నానబెట్టిన పెసరపప్పుతో పొడికూర, కందిపప్పుతో ముద్దపప్పు, చింతపండు, బెల్లము వేసిన పులుసు, పెరుగుతో పచ్చడి, లేత ఆకులతో వేరుగా ఆకుకూర - ఇవి అన్నియు దీనితో కుదురును. దీనిలో నీరే నూటికి 90 పాళ్ళు. 100 గ్రాములకు సుమారు 27 కేలరీలు మాత్రమే యున్నను, ‘సి’ విటమిను సుమారు 60 మిల్లీగ్రాములు కలదు. కుర్చీలకు అతుక్కొని ఫైళ్ళు తిరుగవేయు మావంటివారికి ఇంతకంటె హితమైన కూర అరుదు.

అన్నిటిలోను ఆవ పెట్టిన కూర విశేషమైనది. ముక్కలు ఉడికించి, నీరు వార్చి, చింతపండు పులుసు, పసుపు, ఉప్పు చేర్చి, ఇంగువ, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, కరివేపాకులతో పోపు వేయుదురు. పిమ్మట కూరను పొయ్యిమీదినుండి దించి, చల్లారిన తరువాత, చన్నీటితో నూరిన ఆవముద్దను కలుపుదురు. వేడి తగిలిన ఆవ ఘాటు తగ్గును. ఆ ఘాటును పుట్టించు పదార్థము నూరినప్పుడు తడితో కలిసి పనిచేయును, వేడికి చచ్చిపోవును. రసాయనశాస్త్రము ఈ మాట చెప్పకముందే మన అవ్వలు ‘దించి కలుపుము’ అని విధించిరి. ఇంకొక చమత్కారము. ఆవాలును నూల్‌కోలును ఒకే ‘బ్రాసికా’ ప్రజాతిలోనివి. ఆవ మన పురాతన సంభారము. నూల్‌కోల్ నిన్న మొన్న వచ్చిన సీమకూర. వేల యోజనముల యెడబాటు తరువాత ఆ జ్ఞాతులిరువురు మన మూకుడులో కలిసికొనిరి.

ఒకసారి నేను భిలాయిలోని బంధువుల యింట భోజనము చేయుచుండగా, ఆ యింటి చిన్నవాడు మా పినతల్లిని, ‘అమ్మమ్మా, గాంఠ్‌గోభీని తెలుగులో ఏమందురు?’ అని యడిగెను. ఆమె బొబ్బిలి ప్రాంతమున పుట్టినది. పుట్టింట ఈ కూర నెరుగదు. ఆమె క్షణమాలోచించి, ‘ఆవపెట్టిన కూర అంటారురా నాన్నా!’ అనెను. అందరు నవ్విరి. కాని ఆ సమాధానము తప్పనుటకు నాకు మనసొప్పలేదు. కాయ పేరు డచ్చివారిది, హిందీవారిది, ఎవరిదైనను కావచ్చును. దానికి చేసిన సంస్కారము పేరు మాత్రము తెలుగు.

పరదేశమందలి తెలుగుతనమునకు నిజమైన ఆపద ఇచ్చటనే యున్నది. మనకు ఊరి వంకాయ దొరకకపోయిన నష్టము లేదు. ఆ లోటును అంగడి తీర్చును. కాని పోపు, తిరగమోత, ఆవ పెట్టుట, మగ్గబెట్టుట, పులుసు కాచుట, పొడి జల్లుట అను మాటలు పిల్లల నోటినుండి తొలగిపోయిన నాడు వానితోపాటు ఆ పనులును తొలగిపోవును. అప్పుడు మిగులునది కూర యొక్కటే. అది ఎవరి కూరయైనను కావచ్చును. లిపి రాని పిల్లలకును ఈ మాటలు వచ్చును. ఏలయన వారు వానిని చెవితో గాక నాలుకతో నేర్చుకొందురు. పలక, బలపము లేని తెలుగు పాఠశాల మన వంటయిల్లు.

కావున మన సంఘ సభ్యులకు, విశేషించి సోదరీమణులకు, నా విన్నపమొకటి. ఇచ్చటి అంగళ్ళలో దొరకు క్రొత్త కూరలను మీరు ఏ తీరున తెలుగు వంటలుగా మార్చితిరో, ఇంటి పెద్దలు ఏ మాటలతో చెప్పిరో, ఆ మాటలతోనే వ్రాసిపెట్టుడు. ఉగాదినాడు పిల్లలచే వానిని చదివింపుడు. వీలైనచో వారిచేతనే పోపు వేయింపుడు. ఇట్టి సంచికలలో కథలకు, పద్యములకు పక్కన వానికిని రెండు పుటలు కేటాయించుట తగును. ఇనుమును ఉక్కుగా మార్చిన భిలాయి కొలిముల చరిత్ర ప్రభుత్వ నివేదికలలో భద్రముగా నున్నది. నూల్‌కోలును తెలుగు కూరగా మార్చిన పొయ్యిల చరిత్రను మనమే వ్రాసికొనవలెను.