బొంగరము చూపిన ఉత్తరము

కోరంగి రేవున మనవారు కట్టినవి కొయ్య ఓడలు. వానిలో సూదంటుముల్లునకు చిక్కు తక్కువ. విశాఖపట్టణమున 1948 మార్చి 14న నెహ్రూగారు జలప్రవేశము చేయించిన ‘జలఉష’ ఉక్కు ఓడ. ఉక్కు ఓడ నిర్మాణదశలోనే, సుత్తిదెబ్బలు తినుచు, భూమివలన అయస్కాంతగుణము పొంది ముల్లును ప్రక్కకు లాగును. దీనిని సరిదిద్దు ఉపాయములు కలవు గాని, జలాంతర్గామి గర్భమున నవి చాలవు.

జలాంతర్గామిలో మంచు క్రిందుగా ఉత్తరధ్రువము చేరగోరిన జర్మనీదేశస్థుడు ఆన్‌షుట్జ్ ఆ చిక్కును బొంగరముతో విప్పెను. సముద్ర మెరుగని మా డోన్‌లో పిల్లలాడు బొంగరమే! వేగముగ తిరుగు చక్రము తన యిరుసుదిక్కును విడువదు. 1852లో ఫూకో దీనితోనే భూభ్రమణమును చూపెను. ఇరుసు తూర్పుపడమరలుగా నున్నచో, భూమి తిరుగుకొలది దాని తూర్పుకొన లేచును. క్రింద వ్రేలాడు బరువు దానిని దింపజూచును. చిత్ర మేమనగా, ఇరుసు దిగదు, ఉత్తరమువైపు తిరుగును! అటునిటు ఊగి, ఊగు అణగినపిదప, కొన్ని గంటలకు నిజమైన ఉత్తరమున నిలుచును. 1908లో దీనిని యుద్ధనౌకపై పరీక్షించిరి. 1911లో అమెరికాలో స్పెరీ మరియొకటి చేయగా వ్యాజ్యము పుట్టెను. అందు నిపుణుడుగా న్యాయస్థానమునకు అభిప్రాయ మిచ్చినవాడు ఐన్‌స్టైను.

ఉత్తరమునకు తలపెట్టిన భూమి నెత్తురును లాగునని శాస్త్రము పేరున చెప్పువారు మన యిండ్లలో కలరు. ఆ లాగుడు బలమెంతయో నావికు నడుగవలెను: ఇనుపమేకొకటి దగ్గర నుంచిన ముల్లు దారితప్పును.

బొంగరమునకును లోపములు లేకపోలేదు. ఓడ వేగమునుబట్టి దానిని సవరింపవలెను. విద్యుత్తు పోయిన నది యాగును. కావుననే పెద్ద ఓడలలో పాతముల్లు నేటికిని ఉన్నది. ఆన్‌షుట్జ్ కోరిన ధ్రువముకడ మాత్ర మీ బొంగరము పనిచేయదు.