గుడిసెల చరిత్ర - 6: తీర్పులో ఉన్నదెంత, వార్తలో వచ్చిందెంత?

ఇల్లులేని మనిషికి మన పేపర్లు పెట్టిన పేర్లు రెండు: జాలిపడిన రోజు 'గుడిసెవాసి', కోర్టు వార్త రాసే రోజు 'ఆక్రమణదారు'. 2022 వేసవిలో వరంగల్, జనగామ, మహబూబాబాద్‌లలో వామపక్షాల జెండా కింద పేదలు ప్రభుత్వ భూముల్లో, చెరువు శిఖాల్లో గుడిసెలు వేసుకున్నప్పుడు ఈ రెండు పేర్లూ చదివాను. తెలుగు పాఠం చెప్పేవాణ్ని కదా, నా చూపు ముందు మాట మీదే పడుతుంది.

ఈ రెండు పేర్ల వెనక రెండు తీర్పులున్నాయి. 1981 జులైలో, నడి వానాకాలంలో, బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్లను సొంతూర్లకు తరిమేయాలని ముఖ్యమంత్రి అంతులే నిర్ణయించాడు. కోర్టుకెక్కినవాళ్లలో ఓల్గా టెల్లిస్ అనే జర్నలిస్టు కూడా ఉంది. 1985 జులై 10న సుప్రీంకోర్టు చెప్పింది: బతుకుదెరువు హక్కు జీవించే హక్కులో భాగమే, వీళ్లు గతిలేక అక్కడ ఉన్నారు. మనం క్లాసుల్లో చదివేది ఈ సగమే. మిగతా సగం ఇది: ఫుట్‌పాత్ మీద ఉండే హక్కు ఎవరికీ లేదు, అక్టోబర్ 31 దాటాక తొలగించవచ్చు. హక్కు గెలిచింది, గుడిసె ఓడింది.

2000లో ఢిల్లీ చెత్త మీద నడిచిన అల్మిత్రా పటేల్ కేసులో అదే కోర్టు, ఆక్రమణదారుకు ఉచితంగా జాగా ఇవ్వడం జేబుదొంగకు బహుమతి ఇచ్చినట్టే అన్నది. పదిహేనేళ్లలో గతిలేనివాడు దొంగ అయ్యాడు.

2017 సెప్టెంబర్‌లో, అప్పటి భూపాలపల్లి జిల్లా తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ శాఖ గుత్తికోయల ఇండ్లు కూల్చింది. సర్కారు లెక్కలో వాళ్లు అడవి ఆక్రమణదారులు. వాళ్ల లెక్కలో ఛత్తీస్‌గఢ్ హింస నుంచి ప్రాణాలు దక్కించుకొని వచ్చినవాళ్లు. వార్తలో ఏ పేరు ముందొస్తే చదివేవాడి మనసు అటే మొగ్గుతుంది.

2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు, కూల్చే ముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి అన్నది. బుల్డోజర్‌కు కళ్లెం పడిందని వార్తలొచ్చాయి. అదే తీర్పులో ఇంకో మాట ఉంది: రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువు జాగాల్లోని అక్రమ కట్టడాలకు ఈ ఆదేశాలు వర్తించవు. మరి మన గుడిసెలు ఇంకెక్కడున్నాయి? ఊరు మంచి జాగా మనకు ఏనాడు ఇచ్చింది? వాడకు మిగిలింది చెరువు శిఖం, కట్ట పక్క, పట్టాల వెంట.

విద్యార్థి మిత్రులారా, హెడ్డింగ్ చూసి సంబురపడొద్దు, బెదరొద్దు. తీర్పు చివరి పేజీల దాకా చదవండి. ఎవరికి వర్తించదని రాశారో ముందు వెతకండి. ఆ పేరా పట్టుకొని గుడిసెల దగ్గరికి పోయి చదివి వినిపించండి. బుల్డోజర్ రాకముందే ఆ మాట వాళ్లకు తెలియాలి.

జై భీమ్.