విశాఖ తీరంలో ఫ్లాట్ కొంటున్నారా? ముందు ఈ గీత ఎక్కడుందో చూడండి

సముద్రం కనిపించే ఫ్లాట్ అంటే ఎవరికైనా మోజే. అడ్వాన్స్ ఇచ్చే ముందు మాత్రం ఈ విషయాలు తెలుసుకోండి.

బీచ్ ఎందుకు కోతకు గురవుతోంది?
విశాఖ తీరంలో అలలు ఇసుకను ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తాయి. 1970ల్లో కట్టిన ఔటర్ హార్బర్ బ్రేక్‌వాటర్లు దాన్ని అడ్డుకుంటున్నాయి. దాంతో ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ కోతకు గురవుతోంది. పైగా ప్రపంచ సగటు సముద్ర మట్టం 1901-2018 మధ్య సుమారు 20 సెం.మీ. పెరిగింది.

ఏం చేస్తున్నారు?
హార్బర్ దగ్గర తవ్వితీసిన ఇసుకను బీచ్‌లో పోస్తున్నారు. అలలు దాన్ని మళ్లీ లాక్కెళ్తాయి కాబట్టి ఇది ఒక్కసారితో తీరే పని కాదు. రాళ్ల గోడ కడితే రోడ్డు నిలుస్తుంది, కానీ దాని ముందున్న ఇసుక తగ్గిపోవచ్చు.

మీరేం చూడాలి?
పోటు సమయంలో నీరు చేరే గీతే హైటైడ్ లైన్. 2019 సీఆర్‌జెడ్ నిబంధనల ప్రకారం తీరం వెంబడి దాని నుంచి 500 మీటర్ల వరకు నియంత్రణ ఉంటుంది. ఇప్పటికే అభివృద్ధి చెందిన నగర ప్రాంతాలు సీఆర్‌జెడ్-2 కిందకు వస్తాయి. అక్కడ ఉన్న రోడ్డుకు, లేదా అనుమతి ఉన్న కట్టడాలకు నేలవైపునే కొత్త భవనాలు కట్టాలి. బిల్డర్‌ను సీఆర్‌జెడ్ అనుమతి పత్రం అడగండి.

అనుమతి ఉందంటే ముంపు రాదని కాదు. సెల్లార్, కరెంటు ప్యానెళ్లు ఏ ఎత్తులో ఉన్నాయో కూడా చూసుకోండి.