గెలల ఓడలో విహారం

ఆ ఓడలో మొదటి మర్యాద అరటిపళ్ళది. ప్రయాణికుడిది ఆ తర్వాతే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లోనో న్యూ ఆర్లీన్స్‌లోనో యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ ఓడెక్కి కరీబియన్ దీవులకు సెలవులకు బయల్దేరిన కుటుంబానికి పైఅంతస్తులో గది, తెల్లగుడ్డ పరిచిన భోజనాల బల్ల, డెక్ మీద వాలుకుర్చీ ఇచ్చేవాళ్ళు. తిరుగు ప్రయాణంలో వాళ్ళ పాదాల కింద, చల్లబరిచిన గిడ్డంగిలో, వేలకొద్దీ పచ్చి గెలలు ఉండేవి. అవి దారిలో ముగ్గిపోతే కంపెనీ మునిగినట్టే. అందుకని గిడ్డంగిని 13 డిగ్రీల దగ్గర పట్టి ఉంచేవాళ్ళు. ఆ ఓడలన్నిటికీ తెల్లరంగు వేశారు. జనం ముచ్చటపడి ‘గ్రేట్ వైట్ ఫ్లీట్’ అన్నారు గానీ, రంగు అందానికి కాదు, ఎండ వేడి లోపలికి దిగి గెలలు పాడవకుండా ఉండటానికి.

ఇదంతా నాకు టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవులో గుర్తొచ్చింది. డాలస్, హ్యూస్టన్ తెలుగువాళ్ళకు దగ్గర్లో ఉన్న ఓడరేవు అదే. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే నయాగరా ఒకసారి, క్రూజ్ ఒకసారి చూపించడం అక్కడ రివాజైపోయింది. మావాడూ అలాగే మా ఇద్దరినీ, తన భార్యనీ, ఆరేళ్ళ కూతుర్నీ తీసుకుని బయల్దేరాడు. అమెరికాలో పుట్టిన మనవరాలికి బర్త్ సర్టిఫికెట్ చాలన్నారు. మా ఇద్దరివీ పాస్‌పోర్టు, అమెరికాకు మళ్ళీమళ్ళీ రావడానికి వీలున్న వీసా, రెండూ తిప్పి తిప్పి చూశారు. అసలు చిక్కు మా ఆవిడ చేతిసంచీలో వచ్చింది. ఇంట్లో వండిన తిండి ఓడలోకి తీసుకురాకూడదట. పులిహోర పారేయడానికి ఆవిడకు చేతులు రాలేదు. వరసలోంచి పక్కకు జరిగి, పెట్టెల మీద డబ్బా పెట్టుకుని, ఐదుగురం అక్కడే పూర్తి చేశాం.

మర్నాడు పొద్దున టిఫిన్ల దగ్గర ఒక అరటిపండు తీసుకుంటే దాని మీద గ్వాటెమాలా అని చిన్న చీటీ. కరీబియన్‌ను ఆనుకున్న దేశంలో కాసిన పండు టెక్సస్ దాకా వెళ్ళి, ఓడెక్కి, మళ్ళీ కరీబియన్‌కు తిరిగొస్తోందన్నమాట. దాన్ని జేబులో వేసుకుని దీవిలో దిగుదామంటే మాత్రం కుదరదు. పళ్ళు ఒడ్డుకు తీసుకెళ్ళడం నిషేధం.

ఈ అరటి ఓడల కథకు మూలపురుషుడు లొరెంజో డౌ బేకర్ అనే మసాచుసెట్స్ పడవ కెప్టెన్. 1870లో జమైకాలో కొన్ని గెలలు కొని, అమెరికాలో జెర్సీ సిటీకి తెచ్చి లాభానికి అమ్మాడు. అప్పటికి అమెరికాలో చాలామంది అరటిపండు మొహం చూసి ఎరగరు. వ్యాపారం పెరిగి 1885లో బోస్టన్ ఫ్రూట్ కంపెనీ అయింది, 1899లో యునైటెడ్ ఫ్రూట్‌లో కలిసింది. దక్షిణం నుంచి గెలలతో నిండుగా వచ్చే ఓడ, అటు వెళ్ళేటప్పుడు ఖాళీ. ఖాళీ బండికి ఎంతొచ్చినా కిరాయే కదా. ఉత్తరాది చలికి ముడుచుకుపోయిన డబ్బున్నవాళ్ళకు గదులమ్మాడు. దిగాక ఉండటానికి జమైకాలోని పోర్ట్ ఆంటోనియోలో టిచ్‌ఫీల్డ్ అని హోటల్ కూడా కట్టాడు. ఓడ, హోటల్, దీవి కలిపి ఒకే టికెట్టు మీద అమ్మే పద్ధతికి బీజం అక్కడే ఉందని నా లెక్క.

ఆ రేవులో గెలల ఎగుమతి చాలాసార్లు రాత్రిపూట సాగేది. ఆడా మగా గెల నెత్తిన పెట్టుకుని వరసగా నడిచేవాళ్ళు. లెక్క రాసేవాడు ఒక్కో గెలలో అత్తాలెన్నో చూసి చీటీ ఇచ్చేవాడు, ఆ చీటీల మీద కూలి. తెల్లారి లెక్కలవాడు వస్తే ఇంటికి పోదామని వాళ్ళు పాడుకున్న పాటనే హ్యారీ బెలఫాంటే 1956లో రికార్డుగా తెచ్చి ప్రపంచమంతా తిప్పాడు. ఇప్పుడు ఏ క్రూజ్ ఓడ ఈతకొలను దగ్గరైనా ఆ పాట వినిపిస్తుంది. జనం చేతిలో గ్లాసులు పట్టుకుని ఊగుతారు. అది రాత్రంతా బరువు మోసినవాళ్ళ పాటని అక్కడ ఎవరికీ పట్టదు.

జమైకాలో ఆ అరటితోటల్లో పనిచేసినవాళ్ళలో మనదేశం వాళ్ళూ ఉన్నారు. బానిసత్వం రద్దయ్యాక చెరకుతోటలకు కూలీలు కావలసివచ్చి, బ్రిటిష్ వాళ్ళు గిర్మిట్ (అగ్రిమెంట్) కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని భారతీయులను ఓడలెక్కించారు. 1845 మే 10న ‘బ్లండెల్ హంటర్’ అనే ఓడ మొదటి జట్టును జమైకాలో ఓల్డ్ హార్బర్ బే దగ్గర దించింది. 1917 దాకా ఆ దీవికి వెళ్ళినవాళ్ళు దాదాపు 36 వేలమంది. ముందు చెరకు, తర్వాత అరటి. 1845లోనే మే 30న ‘ఫతేల్ రజాక్’ ట్రినిడాడ్ చేరింది. కలకత్తా నుంచి అక్కడికి 103 రోజులు. మేం వెళ్ళింది ఐదు రోజులకు. మూడో రోజుకే మా ఆవిడ ఇల్లు ఎప్పుడు చేరతామని అడిగింది.

సరుకుతో పని లేకుండా, విహారం కోసమే కట్టిన తొలి ఓడ ఘనత జర్మన్లది. హాంబర్గ్-అమెరికా కంపెనీని నడిపిన ఆల్బర్ట్ బాలిన్‌కు ఒక బాధ ఉండేది. చలికాలంలో అట్లాంటిక్ దాటే జనం తగ్గిపోతారు, పెద్ద ఓడలు ఊరికే తిండి తింటూ కూర్చుంటాయి. 1891లో ఒక ఓడను మధ్యధరా సముద్రంలో షికారు తిప్పి చూశాడు. అది బాగా నడిచేసరికి, 1900లో ‘ప్రిన్సెసిన్ విక్టోరియా లూయిస్’ను నీళ్ళలోకి దించాడు. అందులో అన్నీ మొదటి తరగతి గదులే. గ్రంథాలయం, వ్యాయామశాల, ఫొటోలు కడుక్కోవడానికి చీకటిగది కూడా ఉన్నాయి. వెస్టిండీస్ దీవులు దాని ముఖ్యమైన మజిలీలు. 1906 డిసెంబర్ 16 రాత్రి అది కింగ్‌స్టన్ చేరుతూ, దీపస్తంభాన్ని పోల్చుకోవడంలో పొరపాటు జరిగి, పోర్ట్ రాయల్ దగ్గర రాళ్ళెక్కింది. ప్రయాణికులందరూ క్షేమంగా ఒడ్డు చేరారు. కెప్టెన్ తన గదిలోకి వెళ్ళి తుపాకీతో కాల్చుకున్నాడు. నెల తిరక్కుండానే, 1907 జనవరి 14న, కింగ్‌స్టన్ నగరమే భూకంపానికి కూలింది.

ఆ తర్వాత యుద్ధాలు, మధ్యలో అమెరికాలో మద్యనిషేధం. 1920 నుంచి 1933 దాకా తాగాలనుకున్నవాడు ఓడెక్కి హవానాకో నసావుకో పోయేవాడు. అదొక రకం విహారం. దానికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళినవాళ్ళు తక్కువే అయివుంటారు.

మామూలు సంసారులకు ఓడ అందింది 1960ల్లో. అదీ విమానాల పుణ్యమే. 1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాక, ఐదారు రోజులు సముద్రంలో నానాల్సిన పని ఎవరికుంది? ఓడలకు గిరాకీ పడిపోయింది. ఆ రోజుల్లో మయామీలో టెడ్ ఆరిసన్ అనే ఇజ్రాయెలీ వ్యాపారి విహారయాత్రలకు టికెట్లు అమ్మి పెట్టుకున్నాడు. ఉన్నట్టుండి ఆయన ఓడలు చేజారాయి. చేతిలో ప్రయాణికులున్నారు, ఓడ లేదు. సరిగ్గా అప్పుడే నార్వేలో క్నూట్ క్లోస్టర్ దగ్గర ‘సన్‌వార్డ్’ అనే కొత్త ఓడ ఉంది, ప్రయాణికుల్లేరు. ఇంగ్లండ్ నుంచి జిబ్రాల్టర్‌కు కార్లనూ మనుషులనూ చేరవేద్దామని కట్టిస్తే, స్పెయిన్ నియంత ఫ్రాంకో జిబ్రాల్టర్‌తో పెట్టుకున్న తగాదాలో ఆ మార్గం దెబ్బతింది. ఆరిసన్ ఫోన్ చేశాడు. అంధపంగు న్యాయం అంటామే, అదే జరిగింది. కాళ్ళున్నవాడి భుజమ్మీద కళ్ళున్నవాడు ఎక్కాడు. 1966 డిసెంబర్ 19న సన్‌వార్డ్ మయామీ నుంచి బహామాస్‌కు బయల్దేరింది. ఇవాళ్టి కరీబియన్ క్రూజ్ పరిశ్రమకు ముహూర్తం అదేనని చాలామంది చెబుతారు.

భాగస్వాములు కొన్నేళ్ళకే తగువుపడి విడిపోయారు. ఆరిసన్ ఒక పాత ఓడ కొని, ‘మార్డి గ్రా’ అని పేరు మార్చి, 1972 మార్చి 11న తొలి ప్రయాణానికి వదిలాడు. అందులో దాదాపు 300 మంది ట్రావెల్ ఏజెంట్లు. ఓడ బాగుందని ఊళ్ళో చెప్పాల్సినవాళ్ళు వాళ్ళే! రేవు దాటుతూనే అది ఇసుకదిబ్బలో దిగబడింది. ఒక రోజుకు పైగా కదల్లేదు. ఒడ్డున ఉన్నవాళ్ళకు అదొక తమాషా. రెండేళ్ళకు ఆరిసన్ ఆ కంపెనీని ఒకే ఒక్క డాలరిచ్చి, 50 లక్షల డాలర్ల అప్పు నెత్తికెత్తుకుని పూర్తిగా తనదిగా రాయించుకున్నాడు. అదే కార్నివాల్. పోటీవాళ్ళవి కొత్త ఓడలు, తనది ముసలిది. అందుకని ఎక్కడికి తీసుకెళ్తామన్న మాట పక్కన పెట్టి, ఓడలోనే ఆటాపాటా అమ్మారు. ఓడే ఊరైపోయింది. దీవి దారిలో వచ్చే స్టేషన్‌లా మారింది.

1980లో ‘నార్వే’ వచ్చింది. ఇది అంతకుముందు ‘ఫ్రాన్స్’. 1962లో ఫ్రెంచివాళ్ళు గర్వంగా అట్లాంటిక్ మీదకు వదిలిన 315 మీటర్ల ఓడ. నష్టాలకు తట్టుకోలేక 1974 నుంచి రేవులో తుప్పు పడుతుంటే క్లోస్టర్ కొని మయామీకి తెచ్చాడు. అట్లాంటిక్ మీద మొదటి తరగతికీ టూరిస్టు తరగతికీ మధ్య ఉన్న అడ్డుగోడలు కరీబియన్‌లో తీసేశారు. దీవుల్లో రేవులు దానికి చాలేవి కావు. సముద్రంలోనే ఆగి, ముందు డెక్ మీద మోసుకొచ్చిన రెండు పెద్ద పడవల్లో జనాన్ని ఒడ్డుకు దింపేది. తర్వాత్తర్వాత ఓడ రేవుకు తగ్గట్టు కాక, రేవే ఓడకు తగ్గట్టు పెరగాల్సి వచ్చింది. 2024 జనవరిలో మయామీ నుంచి బయల్దేరిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’లో 20 డెక్కులు, నిండితే 7,600 మంది ప్రయాణికులు, వాళ్ళకు 2,350 మంది సిబ్బంది. కరీబియన్‌లో చిన్న దీవుల్లో కొన్ని పట్టణాల జనాభా అంత ఉండదు.

అసలు అమెరికాలో బయల్దేరిన ఓడ పరాయి దేశంలో ఎందుకాగాలి? దానికి 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఓడ అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను చేరవేయకూడదు. ఎక్కినచోటే దించాలన్నా మధ్యలో ఒక పరాయి రేవు తగలాలి. అమెరికా ఓడల వాళ్ళను కాపాడటానికి చేసిన చట్టం అది. ఫలితం చూడండి. కార్నివాల్ పనామాలో, రాయల్ కరీబియన్ లైబీరియాలో నమోదై పెరిగిన కంపెనీలు. ఓడల మీద ఎగిరేవి ఎక్కువగా బహామాస్, పనామా జెండాలు. అమెరికా జీతాల చట్టాలు వాటికి అంటవు. మా గది సర్దిన ఇండోనేషియా కుర్రాడు చంటిపిల్లను ఇంటి దగ్గర వదిలి ఎనిమిది నెలల ఒప్పందం మీద వచ్చానన్నాడు. రోజూ తువ్వాలుతో ఏనుగునో కోతినో చేసి మనవరాలి మంచం మీద పెట్టేవాడు. మనకు టికెట్టు చవకగా దొరకడంలో అతని వాటా ఎంతో ఎవరూ రసీదులో రాయరు.

దీవుల వాటా సంగతీ అంతే. కంపెనీలు 1970ల నుంచే సొంత బీచులు చూసుకోవడం మొదలుపెట్టాయి. బహామాస్‌లో చిన్న దీవులు కొన్నారు, హైతీలో లబాడీ అనే తీరాన్ని 1986లో కౌలుకు తీసుకుని కంచె వేశారు. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చి లక్షలమంది పోయారు. మూడో రోజున భూకంప కేంద్రానికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న లబాడీలో విహార ఓడ ఆగింది. సాయం సామగ్రి తెచ్చారు, నిజమే. ఓడ రాకపోతే అక్కడ పూసలమ్ముకునేవాళ్ళకు ఆ పూట గడిచేది కాదు, అదీ నిజమే. అయినా ఆ రోజు కంచెలోపల వాలుకుర్చీ వేసుకోవడానికి నాకైతే మనసొప్పేది కాదు.

మేం దిగింది మెక్సికోలోని కొజుమెల్‌లో, ఐదు గంటలకు. అందులో రెండు గంటలు రేవులోని నగల దుకాణాల మధ్యే పోయాయి. మళ్ళీ వెళ్తే మాత్రం తూర్పు దీవుల దారి పట్టాలనుంది. గ్వాడెలూప్ దీవిలో ప్వాంతాపీత్ర్ అనే ఊరుంది. 1854 డిసెంబర్ 24న ‘ఒరేలీ’ అనే ఓడ పాండిచ్చేరి వైపు నుంచి మూడొందల పైచిలుకు మందిని ఆ దీవికి తెచ్చింది. తర్వాతి మూడు దశాబ్దాల్లో ఇంకా వేలమంది వచ్చారు. ఎక్కువమంది తమిళులు, వచ్చినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. విహార ఓడలు ఆగేచోటు నుంచి ఆ ఊరి పాత రేవుకు నడిచే వెళ్ళొచ్చు. మీ ఓడ అక్కడ ఆగుతుంటే వీసా సంగతి ముందే కనుక్కుని, దుకాణాల వరస దాటి ఊళ్ళోకి వెళ్ళండి. భోజనం చేసేచోట ‘కొలంబో’ ఉందా అని అడగండి. ధనియాలు, పసుపు, ఆవాలు, మెంతులు పొడి కొట్టి వండిన కూర తెచ్చిపెడతారు.