కావలి రుసుం కట్టిన ఊళ్లు

మా పెనుకొండ చుట్టుపట్ల పాత ఊళ్లలో ఎక్కడో ఒకచోట రాయీ మట్టీ కలిపి కట్టిన బురుజు మిగిలే ఉంటుంది. రాజులు కట్టించారనుకుంటారు చాలామంది. రాజుల కోట కొండ దగ్గరుంది. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక విజయనగర ప్రభువులు తలదాచుకున్నది అక్కడ. ఊళ్లో బురుజు మాత్రం రైతులది. దండు వస్తోందని తెలిస్తే పశువుల్నీ పిల్లల్నీ లోపలికి తోలి, వాకిలి మూసి, పైనుంచి వడిసెల రాళ్లు విసరడానికి కట్టుకున్నది.

గింజలకు కాపుదల నేలకింద ఉండేది. ఇంటిముందు లోతుగా పాతర తవ్వి, అడుగునా పక్కలా గడ్డి పరిచి జొన్నలు పోసేవాళ్లు. నోటిమీద బండ, బండమీద మట్టి. పైన మనుషులు తిరుగుతున్నా కింద గింజ ఉందని తెలిసేది కాదు. తీసేనాడు బండ జరిపి చాలాసేపు గాలాడనిచ్చి, దీపం దించి చూసేవాళ్లు. దీపం ఆరకపోతేనే మనిషి దిగాలి. లోపల పట్టిన చెడుగాలి ప్రాణం తీస్తుంది. పాతర కరువుకూ అక్కరకొచ్చేది, దోపిడీకీ అడ్డమయ్యేది.

ఇంతకీ దోచిందెవరు? బిజాపూర్ సేనలు, మరాఠాలు, హైదర్, టిప్పు దండ్లు వచ్చిపోయేవి. ఏడాది పొడుగునా ఉన్నవాళ్లు పాలెగాళ్లు. మడకశిర, రత్నగిరి వైపు వాళ్లదే రాజ్యం. ఊళ్లను కాయాల్సింది వాళ్లే; అందుకు రైతులు కావలి రుసుం కట్టేవాళ్లు. దొంగసొత్తు దొరక్కపోతే కావలివాడే నష్టం కట్టివ్వాలన్నది కట్టుబాటు. కానీ ఆ పాలెగాడి బంట్లే పొరుగు పాలెం ఊళ్లమీద పడి దోచేవాళ్లు. అటువాళ్లు ఇటూ పడేవాళ్లు. కంచే చేను మేస్తుంటే రైతు ఎవరికి చెప్పుకోవాలి? నా లెక్కలో మా సీమ పల్లెల అసలు కష్టం అదే.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కుంపిణీకి ఇచ్చేశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో లెక్క ప్రకారం, అలా ఇచ్చిన ఈ దత్త మండలాల్లో పాలెగాళ్లు 80 మంది, వాళ్ల కింద సాయుధులు సుమారు 30 వేలు. మన్రో వాళ్ల బలగాల్ని విడగొట్టించాడు, కొందరిని వెళ్లగొట్టాడు, కొందరికి పింఛన్లిచ్చాడు. 1816 నిబంధనలతో ఊరి కాపలా గ్రామ మునసబు, తలారుల చేతికొచ్చింది. ఆయుధం తప్ప మరో బతుకు తెలియని ఆ వేలమంది బంట్లు ఏ పని చేసుకుని బతకాలి? దానికి మాత్రం కుంపిణీ దగ్గర జవాబు లేదు. కోయిలకుంట్ల వైపు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు వెనక కూడా పాలెగాళ్ల పింఛన్ల, మాన్యాల తగాదా ఉంది. 1847లో ఆయన్ను ఉరితీశారు.

1876–78 కరువులో ఆకలి మళ్లీ దోపిడీలను పెంచింది. ఈసారి నింద పడింది ఎరుకలవాళ్లమీద. ఎద్దులమీద, గాడిదలమీద ఉప్పూ ధాన్యమూ మోసి ఊరూరా అమ్ముకున్న జనం వాళ్లు. ఉప్పు పన్ను, రైలు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఏ నేరమూ రుజువు కాకపోయినా, పుట్టిన కులాన్ని బట్టి పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకోమన్నారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. అయినా ఊళ్లో దొంగతనం జరిగితే మొదట వాళ్ల గుడిసెలవైపే చూసే అలవాటు చాలాకాలం పోలేదు. రుసుం తీసుకుని మరీ ఊళ్లు దోచిన పాలెగాళ్ల గురించి మాత్రం మనం ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాం.