చెరిపివేయదగిన రాత: బళ్లారి జిల్లా వీధిబడులలో నిత్యాభ్యాసం (1823)

నేటి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు 1882లో అనంతపురం జిల్లా ఏర్పడే వరకు బళ్లారి జిల్లాలో భాగాలు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన విద్యావిచారణకు సమాధానంగా బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఈ సీమ వీధిబడుల చరిత్రకు ముఖ్యాధారం. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. బడులలో 235 కన్నడానివి, 226 తెలుగువి. బాలికలు 60 మందే.

పరిశోధకుల దృష్టి ఎక్కువగా ఈ అంకెల మీదనే నిలిచింది. రాత నేర్పిన తీరును వర్ణించిన భాగం అంతకంటె విలువైనదని నా అభిప్రాయం. పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. తరువాత బొగ్గుపొడి పూసిన చెక్కపలక మీదనో, గంజి పట్టించి పుస్తకంవలె మడిచిన గుడ్డ కడితం మీదనో బలపంతో రాసేవాడు. తడిగుడ్డతో తుడిస్తే ఆ రాత పోతుంది. తప్పు రాసినా దాని జాడ మిగలదు. రోజుకు ఎన్నిసార్లయినా రాయవచ్చు, ఖర్చు లేదు. నేటి నిర్మాణాత్మక మూల్యాంకనంలో చిన్న పరీక్షకు సైతం మార్కు నమోదవుతుంది కదా! పైతరగతి పిల్లలు కిందివారికి నేర్పుతూ తమ చదువును గట్టిపరచుకొనేవారు. ఈ పొదుపును, ఈ పద్ధతిని కాంప్‌బెల్ మెచ్చుకొన్నాడు.

అంతమాత్రాన ఆ బడిని ఆదర్శంగా చిత్రించలేము. ఉదయం మొదట వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, ఆపై ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఎక్కువ. సోమరులకు కోదండం. అర్థం తెలియని పద్యాలను చిలుకల వలె వల్లింపజేయడం మరొక లోపం.

బడులు క్షీణించడానికి కారణం దారిద్ర్యమని కాంప్‌బెల్ స్పష్టంగా రాశాడు. ఇంగ్లండు వస్త్రాలు రావడంతో నేతవారి ఆదాయం పడిపోయింది. చదువు ఖర్చు భరించలేని తల్లిదండ్రులకు పసిపిల్లల కాయకష్టమే అవసరమైంది.