నేలలోంచి ఇంట్లోకి: కారు లిఫ్టు పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో సొంత గ్యారేజీలో కారు లిఫ్టు బిగించుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. రెండు ఉక్కు స్తంభాలు, వాటి నుంచి చాచుకున్న నాలుగు చేతులు, స్తంభానికి తగిలించిన చిన్న మోటారు, ఇంతే సామగ్రి. మీట నొక్కితే నిమిషంలోపే కారు తలెత్తు దాటి పైకి లేస్తుంది. చూసినవాళ్లు మెచ్చుకునేది ఆ లేపే బలాన్నే. మోటార్లకు అంత శక్తి వచ్చింది కాబట్టే లిఫ్టు ఇంటికి చేరిందని అనుకుంటారు. చరిత్ర చూస్తే అది నిజం కాదని తేలుతుంది. టన్నుల బరువు లేపే విద్య రెండు శతాబ్దాల నాటిది. ఆలస్యం జరిగింది వేరే రెండు చోట్ల. లేపిన బరువు కింద మనిషి నిర్భయంగా నిలబడేలా దాన్ని పట్టి ఉంచడం మొదటిది. ఆ పట్టును లోతైన గొయ్యి తవ్వకుండా నేల మీదే నిలబెట్టడం రెండోది. ఈ రెండూ కుదిరాకే లిఫ్టు ఇంటి గడప తొక్కింది. ఇంట్లో వర్క్‌షాపు పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఈ తేడా తెలియడం అవసరం, ఎందుకంటే డబ్బు దేని మీద ముందు పెట్టాలో అదే చెబుతుంది.

మూలం వెతికితే బ్లేజ్ పాస్కల్ దగ్గర ఆగుతాం. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని ఆయన రాసిన గ్రంథం 1663లో, ఆయన పోయిన మరుసటి ఏడాది, అచ్చయింది. ఆ సూత్రం యంత్రంగా మారడానికి నూరేళ్లకు పైగా పట్టింది. లండన్‌లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు 1795లో పేటెంటు తీసుకున్నాడు. అక్కడ చిక్కు పెట్టింది ఒత్తిడి పుట్టించడం కాదు, కారకుండా ఆపడం. పిస్టన్ చుట్టూ ఒత్తిడి పెరిగేకొద్దీ తానే బిగుసుకునే తోలు వాషరు ఆ చిక్కు విప్పింది. ఆ ఘనతను బ్రామా దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లేకు ఇస్తారు. అంటే హైడ్రాలిక్స్ చరిత్ర మొదటి అధ్యాయంలోనే అసలు సమస్య పట్టుకు సంబంధించినది. పట్టు కథలో రెండో అధ్యాయం హైడ్రాలిక్స్ బయట, న్యూయార్క్‌లో నడిచింది. 1854లో క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో ఎలిషా ఓటిస్ తాను నిలబడ్డ వేదికను పైకి లాగించి, మోకు కోయించాడు. మోకు బిగువు పోగానే స్ప్రింగు విచ్చుకుని, పక్క పట్టాల పళ్లలోకి కొక్కెం దిగి, వేదిక అక్కడే ఆగింది. మనుషులెక్కే లిఫ్టులు అంతకుముందు లేక కాదు, వాటిని నమ్మి ఎక్కేవాళ్లు తక్కువ. ఈనాటి కారు లిఫ్టు స్తంభం లోపల టకటకమని ఒక్కో మెట్టు దాటే కొక్కేనికి తాత ఓటిస్ కొక్కెమే అని నా అభిప్రాయం.

ఇక కారు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి 1927లో ఆగిపోయేలోపు కోటిన్నరకు పైగా తయారైంది. దాన్ని కొన్న రైతుకూ చిన్న వ్యాపారికీ దగ్గర్లో మెకానిక్ ఉండేవాడు కాదు, రిపేరు సొంతంగా చేసుకోవాల్సిందే. పైగా ఆనాటి బండ్లకు కొన్ని వందల మైళ్లకోసారి కింది భాగాలకు గ్రీజు కొట్టాలి. అందుకు రెండే దారులు. జాకీతో ఓ మూల లేపి వీపు మీద పాకుతూ దూరడం, లేదంటే నేలలో గొయ్యి తీసి దాని మీదకు కారు తోలడం. గొయ్యి చవక, బరువు మోసే గొడవ లేదు, అందుకే ఇప్పటికీ బస్సు డిపోల్లో ఉంది. కానీ పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. అది పారి గొయ్యి అడుగున చేరుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అమెరికా విద్యుత్ నియమావళి గ్యారేజీ గోతులను ప్రమాదకర స్థలాల కిందే చూస్తుంది. ఇంట్లో గొయ్యి తవ్విస్తే లిఫ్టు ఖర్చు తప్పుతుంది కదా అనే వాదనకు ఇదే జవాబు. గాలి లాగే ఫ్యాను, నిప్పురవ్వ రాని దీపాలు, తడి ఊరని గోడలు అన్నీ సరిగ్గా చేయిస్తే ఆ గొయ్యి చవక కాదు. చేయించకపోతే అందులోకి దిగకూడదు.

మెంఫిస్ నగరానికి చెందిన పీటర్ లునాటికి మంగలి షాపు కుర్చీ పైకి లేవడం చూసి కారునూ అలాగే లేపాలన్న ఆలోచన తట్టిందని చెబుతారు. ఆయన లిఫ్టుకు 1925లో పేటెంటు వచ్చింది, ఆ ఏడాదే రోటరీ లిఫ్ట్ సంస్థ మొదలైంది. నేలలో లోతుగా పాతిన గొట్టం, అందులో లావుపాటి ఒకే పిస్టన్, దాని నెత్తిన కారు ఎక్కే పట్టాలు, ఇదీ దాని స్వరూపం. పైకి లేచాక కారును గుండ్రంగా తిప్పుకోవచ్చు కూడా. ఇక్కడ చిన్న లెక్క వేస్తే చాలా విషయాలు తెలుస్తాయి. పిస్టన్ అడ్డుకొలత 27 సెంటీమీటర్లు అనుకుందాం, దాని వైశాల్యం 570 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. 1,500 కేజీల కారును లేపడానికి చదరపు సెంటీమీటరుకు 3 కేజీల లోపు ఒత్తిడి సరిపోతుంది. పట్టాల బరువు కలిపినా టైర్లలో గాలి నింపే కంప్రెసర్‌కు అది పెద్ద పని కాదు. పెట్రోలు బంకులో కంప్రెసర్ ఎలాగూ ఉంటుంది. గాలి నూనెను తోస్తుంది, నూనె పిస్టన్‌ను తోస్తుంది. ఎక్కడైనా కారితే లిఫ్టు ధడాల్న పడదు, మెల్లగా కుంగుతుంది. ఆ నింపాదితనమే దాని మొదటి భద్రత. చాలావాటికి పైకి లేచాక కింద ఆనించే ఇనుప కాలు కూడా ఉండేది. గ్రీజు పని, ఆయిలు మార్పు, టైర్లు అన్నీ ఈ ఒక్క స్తంభం చుట్టూ తిరిగాయి. కొన్ని దశాబ్దాల పాటు అమెరికా పెట్రోలు బంకు రాబడిలో పెద్ద భాగం దీని చలవే.

మరి అంత తేలికైన యంత్రం అప్పుడే ఇళ్లకు ఎందుకు రాలేదు? లేపే బలం ఒక్కటే కావలసినదైతే 1930లలోనే రావాలి. రాలేదు, ఎందుకంటే తక్కువ ఒత్తిడికి లావు పిస్టన్ కావాలి, పిస్టన్ ఎంత ఎత్తు లేవాలో అంత లోతు నేలలో దాగాలి. ఆరడుగుల పైన గొయ్యి, అందులో గొట్టం, చుట్టూ కాంక్రీటు, పక్కన కంప్రెసర్. వ్యాపారికి గిట్టుతుంది, ఆదివారం పూట కారు విప్పే గృహస్థుకు గిట్టదు. ఆ గొట్టం తుప్పు పట్టి నూనె మట్టిలోకి ఇంకితే కనబడదు కూడా. దారి మళ్లించింది ఒత్తిడి పెంచడమే. యూరప్ వర్క్‌షాపుల్లో మోటారు తిప్పే పెద్ద మరలతో రెండు స్తంభాల లిఫ్టులు ముందుగా కాలూనాయి. అమెరికాలో 1980ల నాటికి చిన్న విద్యుత్ పంపుతో నడిచే హైడ్రాలిక్ స్తంభాలు వ్యాపించాయి. వీటి సిలిండర్ ఆరేడు సెంటీమీటర్ల లావే. పూర్తి బరువు మీద చదరపు సెంటీమీటరుకు 150 కేజీల దరిదాపు ఒత్తిడితో పనిచేస్తుంది కనుక స్తంభంలోనే ఇమిడిపోతుంది, గొయ్యితో పని లేదు. రెండు వైపులూ సమానంగా లేవడానికి ఉక్కు తీగలు ఉంటాయి. అయితే అంత ఒత్తిడిలో ఒక గొట్టం పగిలితే పాతకాలపు నింపాదితనాన్ని నమ్ముకోలేం. అందుకే స్తంభం పొడుగునా కొద్ది అంగుళాలకొక మెట్టు, ప్రతి మెట్టులో పడే ఇనుప కొక్కెం తప్పనిసరి అయ్యాయి. కారు లేపాక మళ్లీ కొంచెం దించి బరువును ఆ కొక్కెం మీద కూర్చోబెట్టాలి. అప్పుడు నూనె మొత్తం కారిపోయినా కారు కదలదు. ఓటిస్ కొక్కెం దానంతట అదే పనిచేస్తుంది, ఇక్కడ చివరి అడుగు మనిషి వేయాలి. బద్ధకించి నూనె మీదే వదిలేసేవాళ్లు లిఫ్టు కొని కూడా జాకీ మీదే బతుకుతున్నట్టు లెక్క.

ఈ నమ్మకం కంపెనీల మాట మీద మాత్రమే నిలవలేదు. అమెరికాలో తయారీదారులు 1945లో ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పరచుకున్నారు, 1947లో లిఫ్టులకు మొదటి ప్రమాణం వెలువడింది. ఇప్పుడు పరీక్షలో నెగ్గిన నమూనా మీద బంగారు రంగు ముద్ర అంటిస్తారు. యూరప్‌లో ఈఎన్ 1493 అనే ప్రమాణం ఉంది. ఇళ్లకు అమ్మే చవక లిఫ్టుల్లో ఆ ముద్ర లేనివి చాలా దొరుకుతాయి, ధరలో తేడా ఎక్కడి నుంచి వస్తోందో అక్కడ కొంత అర్థమవుతుంది.

మంచి జాకీ, నాలుగు స్టాండ్లు ఉండగా ఇంత ఆర్భాటం దేనికన్నది గట్టి అభ్యంతరమే. బ్రేకు ప్యాడ్లు, ఆయిలు వంటి పనులకు అవి చాలు, కాదనను. కానీ ఆ వాదనలోనూ ప్రాణం నిలబెట్టేది జాకీ కాదు, స్టాండు. జాకీ మీదే కారు ఉంచి కింద దూరినందువల్లే చావులు జరుగుతాయి. ఆస్ట్రేలియా జాకీలకూ స్టాండ్లకూ రెంటికీ తప్పనిసరి భద్రతా ప్రమాణాలు పెట్టింది ఇందుకే. స్టాండు కూడా అరిగిన అచ్చుల నుంచి వస్తే మోసం చేస్తుంది. 2020లో అమెరికాలో లక్షల స్టాండ్లను వెనక్కి పిలిపించారు, బరువు కదిలినప్పుడు వాటి కొక్కెం పళ్లలోంచి జారే అవకాశం ఉందని తేలింది. ఎటు తిప్పి చూసినా తీర్పు కొక్కెం దగ్గరే ఆగుతోంది. గేర్‌బాక్సు దించడం, సైలెన్సర్ మార్చడం, తుప్పు గీకి రంగు వేయడం లాంటి గంటల పని వీపు మీద పడుకుని చేసేవాడికి లిఫ్టు విలాసం కాదు.

రెండో అభ్యంతరం కాలం మారిందన్నది. ఇప్పటి కారు కంప్యూటర్లమయం, విద్యుత్ కారుకు ఆయిలు మార్పే లేదు, ఇంట్లో విప్పేదేముందని. ఇందులో సగం నిజం. అయితే అమెరికాలో 1996 మోడళ్ల నుంచి అన్ని కార్లకూ ఒకే తరహా ఓబీడీ-2 సాకెట్ తప్పనిసరి అయింది, తప్పు ఎక్కడుందో చెప్పే చిన్న రీడరు ఎవరైనా కొనుక్కోవచ్చు. 2012లో మసాచుసెట్స్ చట్టం రిపేరు సమాచారాన్ని యజమానికీ బయటి మెకానిక్‌కూ ఇచ్చి తీరాలని చెప్పింది. విద్యుత్ కారుకూ బ్రేకులు, సస్పెన్షన్, బుష్‌లు, టైర్లు ఉంటాయి. పైగా బ్యాటరీ అడుగునే పరచుకుని ఉంటుంది కనుక జాకీ ఎక్కడపడితే అక్కడ ఆనించడం కుదరదు. ఆ బ్యాటరీ జోలికి మాత్రం ఇంట్లో పోకూడదు, ఎంత మంచి లిఫ్టున్నా.

మూడోది, శిక్షణ లేని చేతికి ఇంత బరువు అప్పగించడం ప్రమాదం కదా అన్నది. దీన్ని నేను కొట్టిపారేయను, కానీ ప్రమాదం జనం అనుకునే చోట లేదు. 4,500 కేజీల సామర్థ్యం ఉన్న లిఫ్టు కింద 1,500 కేజీల కారుకు బలం చాలకపోవడం ఉండదు. తప్పు కింద నేలలోనో, పైన అమరికలోనో జరుగుతుంది. స్తంభాల పాదాలను లాగే బలమంతా కాంక్రీటులో దిగిన బోల్టుల మీద పడుతుంది. అందుకే కనీసం 4 అంగుళాల మందం, చదరపు అంగుళానికి 3,000 పౌండ్ల బలం, అంటే సుమారుగా మన దగ్గర ఎం25 అనే రకం, 28 రోజులు తడి పట్టి గట్టిపడిన శ్లాబు కావాలని తయారీదారులు అడుగుతారు. టెక్సస్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ చాలా ఇళ్ల శ్లాబుల్లో బిగించి లాగిన ఉక్కు తీగలుంటాయి, గ్యారేజీ నేల మీద కోయొద్దు, తొలచొద్దు అని ముద్ర కూడా కనిపిస్తుంది. డ్రిల్లు ఆ తీగకు తగిలితే ఇంటి పునాదికే చేటు. తీగలు ఎక్కడున్నాయో స్కాన్ చేయించకుండా బోల్టు దించకూడదు. ఇక ఎత్తు. పూర్తి స్థాయి రెండు స్తంభాల లిఫ్టుకు 12 అడుగుల కప్పు కావాలి. 9 అడుగుల గ్యారేజీలో ఐదడుగుల కారును నాలుగడుగులకు మించి లేపలేం. కొలతలు ముందు చూసుకోకపోవడం కొత్త పొరపాటు కాదు లెండి. 1896 జూన్ 4న హెన్రీ ఫోర్డ్ డెట్రాయిట్‌లో ఇంటి వెనక షెడ్డులో కట్టిన తొలి బండి తలుపు పట్టక, గొడ్డలితో ఇటుకలు పగలగొట్టి బయటికి తెచ్చుకున్నాడు. అమరికలో తప్పు ఇంకా సూక్ష్మం. చేతులు కారు గరిమనాభికి అటూ ఇటూ సరిగ్గా రావాలి. లిఫ్టు మీదుండగా ముందు ఇంజన్ దించేస్తే బరువంతా వెనక్కి జరిగి కారు తోకవైపు ఒరుగుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ముచ్చట ఇళ్లదాకా రాకపోవడానికి కారణం తెలివి చాలకపోవడం కాదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఒకే వీధిలో బాడీ కట్టేవాళ్లు, రేడియేటర్‌వాళ్లు, గేర్‌బాక్సు మేస్త్రీలు దొరుకుతుంటే, గంట కూలి భరించలేక ఇంట్లోనే విప్పుకోవాల్సిన అమెరికా యజమాని ఇబ్బంది ఇక్కడ లేదు. లునాటి తరహా ఒంటి స్తంభం మాత్రం మన వాటర్ సర్వీసింగ్ షెడ్లలో ఇప్పటికీ కారును లేపి కడిగిస్తూనే ఉంది. అయినా పాత కార్ల మీద మోజుతో ఇంట్లో పెట్టుకోవాలనుకునేవాళ్లు ఉంటే, కొనుగోలు వరస ఇలా ఉండాలి: ముందు శ్లాబు మందం, బలం పరీక్ష చేయించండి, తర్వాత కప్పు ఎత్తు కొలవండి, తర్వాత కొక్కెం, ప్రమాణపు ముద్ర చూడండి, ఎన్ని టన్నులన్నది ఆఖరున అడగండి. స్టిల్టు పార్కింగు ఉన్న అపార్ట్‌మెంటులో రెండు స్తంభాల లిఫ్టు కుదరదు. అక్కడ తక్కువ ఎత్తు లేచే కత్తెర లిఫ్టు కొనుక్కుని, చక్రాల స్టూలు మీద కూర్చుని పని చేసుకోవడం మేలు.